కీమోకి ముందే అండాలు దాచుకోవాలంటే: రెండు వారాల్లో చేయాల్సిన పనులు

“కీమో మొదలుపెట్టాలన్నారు. తర్వాత పిల్లలు పుడతారా? ఇప్పుడేమైనా చేసుకోవచ్చా?” క్యాన్సర్ అని తేలిన యువతులు, వాళ్ల అమ్మలు, భర్తలు పదే పదే అడిగే ప్రశ్న ఇది. చేసుకోవచ్చు. చాలామందికి రెండు వారాలు సరిపోతాయి. కాకపోతే ఆ రెండు వారాలూ మొదటి కీమోకి ముందే దొరకాలి. కీమో నడుస్తున్నప్పుడూ, అయిపోయిన కొన్ని నెలల వరకూ పెరిగే అండాల్లో జన్యుపదార్థం దెబ్బతిని ఉండే ప్రమాదం ఉంది. అందుకే ఆ సమయంలో తీసి దాచడానికి డాక్టర్లు సాధారణంగా ఒప్పుకోరు. ఈ సంగతి రెండో కీమో అయ్యాక తెలుసుకుని బాధపడేవాళ్లు ఎక్కువ. మీరు ఆ జాబితాలో చేరకూడదనే ఇంత వివరంగా చెబుతున్నాం.

ముందు: మీకు ఇది అవసరమా?

అన్ని క్యాన్సర్ మందులూ అండాశయాన్ని ఒకేలా దెబ్బతీయవు. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్, బుసల్ఫాన్, మెల్ఫలాన్, ప్రొకార్బజీన్ ఎక్కువ హాని చేసేవి. రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే చాలా కీమో పద్ధతుల్లో సైక్లోఫాస్ఫమైడ్ ఉంటుంది. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే శోషరస గ్రంథుల క్యాన్సర్‌కి ఇచ్చే ఏబీవీడీ అనే మందుల జట్టు తక్కువ హానికరం, అదే జబ్బుకి ఇచ్చే బీకాప్ తీవ్రమైనది. ఎముక మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే మందులు అన్నిటికంటే గట్టివి. పొత్తికడుపు కింది భాగానికి రేడియేషన్ ఇస్తే అండాశయానికి 2 గ్రే మోతాదు చేరేలోపే సగం అండాలు పోతాయని అంచనా.

వయసు కూడా లెక్కే. ఒకే మందు ఒకే మోతాదులో తీసుకున్నా 25 ఏళ్ల అమ్మాయికి నెలసరి తిరిగి రావచ్చు, 40 ఏళ్ల మహిళకు శాశ్వతంగా ఆగిపోవచ్చు. రొమ్ము క్యాన్సర్‌కి వాడే హార్మోన్ మాత్ర టామాక్సిఫెన్ సంగతి వేరు. అది అండాలను చంపదు. కానీ 5 నుంచి 10 ఏళ్లు వాడాలి, ఆ కాలంలో గర్భం రాకూడదు. కాలమే అండాలను తగ్గించేస్తుంది. కీమో లేకుండా కేవలం టామాక్సిఫెన్ మొదలుపెట్టేవాళ్లు కూడా ఈ పని గురించి ఆలోచించాలి.

తీవ్రమైన లుకీమియా అయితే రెండు వారాలు ఆగే వీలు సాధారణంగా ఉండదు. ప్రాణం ముందు. అలాంటివాళ్లకు మిగిలే దారులు కింద 4, 10 మెట్టుల్లో ఉన్నాయి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

బయాప్సీ రిపోర్టు, రొమ్ము క్యాన్సర్ అయితే ఈఆర్, పీఆర్, హెర్2 ఫలితాలు (గడ్డ హార్మోన్లకి స్పందిస్తుందా, ఏ రకమో చెప్పేవి). క్యాన్సర్ డాక్టర్ రాసిన చికిత్స ప్రణాళిక, కీమో మందుల పేర్లతో సహా. చివరి నెలసరి తేదీ. ఆధార్, పెళ్లయినవాళ్లయితే భర్త ఆధార్ కూడా. ఇంట్లో పనిచేసే ఫ్రిజ్, ఊరి నుంచి వస్తుంటే ఐస్ ప్యాక్ పెట్టుకునే చిన్న డబ్బా. ఒక నోటుబుక్కు. సూది వేసిన టైము, స్కాన్‌లో చెప్పిన సైజులు అందులో రాస్తారు. ఇది చాదస్తం కాదు. ఒక్క సూది తప్పినా, గంటలు అటూ ఇటూ అయినా ఎక్కడ జరిగిందో ఈ పుస్తకమే చెబుతుంది.

1. క్యాన్సర్ డాక్టర్‌ని ఈరోజే అడగండి

ఆయనగా చెప్తారని చూడకండి. ఓపీలో రద్దీ ఉంటుంది, ఆయన దృష్టంతా గడ్డ మీద ఉంటుంది. మీరే అడగండి, సిగ్గుపడాల్సిన ప్రశ్న కాదు. అడగాల్సినవి నాలుగు:

నాకిచ్చే మందుల వల్ల అండాశయం దెబ్బతినే అవకాశం ఎక్కువా, మధ్యస్థమా, తక్కువా?
మొదటి కీమోకి ముందు ఎన్ని రోజులు సురక్షితంగా ఆగొచ్చు?
నా జబ్బుకి హార్మోన్ ఇంజెక్షన్లు వాడొచ్చా, లెట్రోజోల్ (ఈస్ట్రోజన్ తగ్గించే మాత్ర) కలిపితే సరిపోతుందా?
చికిత్స తర్వాత ఎన్నేళ్లకు గర్భం దాల్చొచ్చు?

రెండో ప్రశ్నకి జవాబు తేదీతో సహా కాగితం మీద రాయించుకోండి. “ఫలానా తేదీలోపు అండాలు తీయడం పూర్తయితే మాకు అభ్యంతరం లేదు” అని ఒక్క వాక్యం చాలు. ఆ కాగితం లేకుండా వెళ్తే ఫెర్టిలిటీ క్లినిక్ వాళ్లు క్యాన్సర్ డాక్టర్‌ని అడగమంటారు, మళ్లీ అపాయింట్‌మెంట్ దొరికేసరికి నాలుగు రోజులు పోతాయి.

రొమ్ము క్యాన్సర్‌లో ముందు ఆపరేషన్ చేసి తర్వాత కీమో ఇచ్చేట్టయితే మధ్యలో సాధారణంగా 4 నుంచి 6 వారాల వ్యవధి ఉంటుంది. ఇదే మంచి అదను. ముందే కీమో ఇచ్చి తర్వాత ఆపరేషన్ అన్నారంటే వ్యవధి తక్కువ, అదే రోజు ఫెర్టిలిటీ క్లినిక్‌కి ఫోన్ చేయాలి.

2. క్లినిక్ చూసుకోండి

ఏఆర్‌టీ (సహాయక పునరుత్పత్తి పద్ధతులు) నియంత్రణ చట్టం, 2021 ప్రకారం క్లినిక్‌లు రెండు స్థాయిలు. లెవెల్ 1లో ఐయూఐ (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించడం) లాంటివే చేస్తారు. అండాలు తీయడం, ఫ్రీజ్ చేయడం లెవెల్ 2 క్లినిక్ పని. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకి కనిపించేలా ఉంటుంది, ఐదేళ్లకే చెల్లుతుంది, కాబట్టి తేదీ చూడండి.

ఫోన్‌లోనే ఇవి అడగండి: క్యాన్సర్ రోగులకు అండాలు తీసిన అనుభవం ఉందా? నెలసరి కోసం ఆగకుండా ఏ రోజైనా మొదలుపెడతారా? ఆదివారం, పండగ రోజు స్కాన్, పికప్ (అండాలు తీయడం) చేస్తారా? ఎంబ్రియాలజిస్ట్ (ల్యాబ్‌లో అండాలు, పిండాల పని చూసే నిపుణులు) రోజూ అక్కడే ఉంటారా, లేక బ్యాచ్ రోజుల్లోనే వస్తారా? చివరి ప్రశ్న చాలా ముఖ్యం. కొన్ని చిన్న సెంటర్లలో పేషెంట్లందరినీ ఒకే వారానికి సర్ది, బయటి నుంచి ఎంబ్రియాలజిస్ట్‌ని పిలిపిస్తారు. మామూలు ఐవీఎఫ్‌కి అది నడుస్తుంది, మీకు నడవదు.

“నెలసరి వచ్చిన రెండో రోజు రండి” అన్నారంటే ఇంకో క్లినిక్ చూసుకోండి. ఏ రోజు మొదలుపెట్టినా దొరికే అండాల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదని అధ్యయనాల్లో తేలింది. అండాలను అప్పుడే గర్భసంచిలో పెట్టడం లేదు కదా, గర్భసంచి పొర ఏ దశలో ఉందన్నది ఇక్కడ అనవసరం.

ఖర్చు లక్షల్లో ఉంటుంది. బిల్లుని విడగొట్టి అడగండి: ఇంజెక్షన్లు, స్కాన్లు, పికప్, మత్తు డాక్టర్ ఫీజు, ఫ్రీజింగ్, ఏటా నిల్వ ఫీజు, భవిష్యత్తులో కరిగించి ఐవీఎఫ్ చేసే ఖర్చు. “ప్యాకేజీ” అన్నప్పుడు ఇంజెక్షన్లు అందులో ఉన్నాయో లేదో తప్పక అడగండి, పెద్ద తేడా అక్కడే వస్తుంది. ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ క్యాన్సర్ చికిత్సకి ఉపయోగపడతాయి, ఈ ఖర్చు కూడా వాటిలోనే వచ్చేస్తుందని అనుకోకుండా ఆరోగ్యమిత్రని ముందే అడగండి.

3. మొదటి రోజే అన్ని పరీక్షలూ

ఒకే రక్తంలో ఇవన్నీ అయిపోవాలి: ఏఎంహెచ్ (అండాశయంలో అండాల నిల్వని అంచనా వేసే హార్మోన్ పరీక్ష), హిమోగ్లోబిన్, ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు, రక్తం గడ్డకట్టే పరీక్షలు, హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, వీడీఆర్ఎల్ (సిఫిలిస్ పరీక్ష), ఈస్ట్రడయాల్ (ఒక రకం ఈస్ట్రోజన్), ప్రొజెస్టిరాన్, గర్భ పరీక్ష. ఏఎంహెచ్‌కి నెలసరి రోజుతో పనిలేదు. స్కాన్‌లో రెండు అండాశయాల్లో చిన్న చిన్న తిత్తులు ఎన్ని ఉన్నాయో లెక్కపెడతారు. వీటినే ఫాలికల్స్ అంటారు.

ప్లేట్‌లెట్లు 50,000 కంటే తక్కువుంటే పికప్ చేయడానికి మత్తు డాక్టర్లు సాధారణంగా ఒప్పుకోరు. ఇది ముందే తెలిస్తే క్యాన్సర్ డాక్టర్‌తో మాట్లాడి సరిచేసుకోవచ్చు.

ఏఎంహెచ్ తక్కువ వచ్చిందని ఎవరైనా “ఇక లాభం లేదు” అంటే ఆగండి. ఈ పరీక్ష ఎన్ని అండాలు దొరకొచ్చో చెబుతుంది, ఆ అండాలు మంచివో కావో చెప్పదు. గర్భనిరోధక మాత్రలు వాడుతుంటే కూడా తక్కువ చూపిస్తుంది. 28 ఏళ్ల అమ్మాయికి ఐదు అండాలే దొరికినా అవి 28 ఏళ్ల అండాలే.

4. ఏది దాచాలి: అండాలా, పిండాలా, అండాశయ ముక్కా?

పెళ్లికాని అమ్మాయిలకు అండాలు. పెళ్లయినవాళ్లకు పిండాలు చేయించుకునే వీలుంది, చాలా క్లినిక్‌లు అదే చెప్తాయి. మా సలహా మాత్రం, పెళ్లయినా కొన్ని అండాలను విడిగా ఉంచుకోండి. అండాలు పూర్తిగా మీవి. పిండాలు వాడాలంటే ఇద్దరి సమ్మతీ కావాలి. విడిపోయినా, భర్తకి ఏదైనా జరిగినా చిక్కులొస్తాయి. జబ్బు తేలిన వారంలోనే ఈ మాట ఎత్తడం కష్టమే, అయినా ఎత్తాల్సిన మాట.

పిండాలకి ఒక లాభం ఉంది. బీఆర్‌సీఏ జన్యువులో మార్పు (రొమ్ము, అండాశయ క్యాన్సర్ ముప్పు పెంచేది) ఉన్న కుటుంబమైతే పిండ దశలోనే ఆ మార్పు ఉందో లేదో పరీక్షించవచ్చు. అండాలు దాచుకున్నవాళ్లు కూడా తర్వాత పిండాలు చేసినప్పుడు ఈ పరీక్ష చేయించుకోవచ్చు, ఇప్పుడే తొందర లేదు.

అండాశయ కణజాలం దాచడం మూడో దారి. లాప్రోస్కోపీతో అండాశయం పైపొర ముక్కలు తీసి ఫ్రీజ్ చేస్తారు, తర్వాత తిరిగి అమర్చుతారు. ఇంజెక్షన్లు అక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో అయిపోతుంది. ఈ పద్ధతిలో తొలి బిడ్డ 2004లో బెల్జియంలో పుట్టింది. దీన్ని ఇక ప్రయోగాత్మకం అనక్కర్లేదని 2019లో అమెరికా పునరుత్పత్తి వైద్యుల సంఘం ప్రకటించింది. ఇంకా రజస్వల కాని పిల్లలకు ఉన్న ఒకే దారి ఇదే. అయితే చేసే సెంటర్లు తక్కువ, 35 దాటినవాళ్లకు సాధారణంగా సూచించరు. లుకీమియాలో ఆ ముక్కలోనే క్యాన్సర్ కణాలు ఉండి తిరిగి శరీరంలోకి వచ్చే ముప్పు ఉంది కాబట్టి జాగ్రత్త అవసరం.

కేవలం రేడియేషన్ ఇచ్చేవాళ్లకు అండాశయాలను కాస్త పైకి జరిపి కుట్టే ఆపరేషన్ ఉంది. దానివల్ల కీమో నుంచి రక్షణ రాదు.

5. సంతకాలు పెట్టే ముందు

సమ్మతి పత్రం తెలుగులో అడగండి. లేదంటే చదివి వినిపించమనండి. అందులో మూడు చోట్ల వేలు పెట్టి చూడండి: ఎన్నేళ్లు దాస్తారు, నిల్వ ఫీజు కట్టకపోతే ఏం చేస్తారు, మీకేదైనా జరిగితే అండాలను ఏం చేయాలి. మూడోదానికి జవాబు ఖాళీగా వదలకండి.

చట్టం ప్రకారం ఏఆర్‌టీ సేవలు 21 దాటి 50 లోపు మహిళలకు. ఒంటరి మహిళలకూ ఈ హక్కు ఉంది, పెళ్లికాలేదని ఎవరూ వెనక్కి పంపకూడదు. 21 లోపు అమ్మాయి అయితే ఆ క్లినిక్ ఏ పద్ధతిలో చేస్తుందో మొదటి రోజే రాతపూర్వకంగా అడగండి. పిండాలకు నిల్వ పరిమితి పదేళ్లు.

అమెరికాలోనో, గల్ఫ్‌లోనో ఉంటూ చికిత్సకి హైదరాబాద్ వచ్చినవాళ్లకు ఒక మాట. ఇక్కడ దాచిన మీ సొంత అండాలను తర్వాత విదేశానికి తీసుకెళ్లాలంటే జాతీయ ఏఆర్‌టీ, సరోగసీ బోర్డు అనుమతి కావాలి. ఎక్కడ దాచాలో ఆ లెక్కన నిర్ణయించుకోండి.

6. ఇంజెక్షన్లు

అండాలు పెరగడానికి ఇచ్చే ఎఫ్‌ఎస్‌హెచ్ ఇంజెక్షన్ రోజూ ఒకే టైముకి, సాధారణంగా సాయంత్రం, బొడ్డు పక్కన రెండు వేళ్ల దూరంలో కొవ్వులోకి. మోతాదు ఎక్కువమందికి 150 నుంచి 300 యూనిట్ల మధ్య ఉంటుంది. 9 నుంచి 12 రోజులు పడుతుంది. రోజూ చోటు మార్చండి, పక్క రోజు అవతలి వైపు.

హార్మోన్‌కి స్పందించే రొమ్ము క్యాన్సర్ అయితే మొదటి రోజు నుంచే లెట్రోజోల్ 5 మిల్లీగ్రాముల మోతాదు రోజూ ఇస్తారు. ఇది ఈస్ట్రోజన్ పెరగకుండా అదుపులో ఉంచుతుంది. ఈ పద్ధతిలో అండాలు తీయించుకున్నవాళ్లలో జబ్బు తిరగబెట్టే ముప్పు పెరిగినట్టు ఇప్పటివరకు అధ్యయనాల్లో కనబడలేదు. పికప్ అయ్యాక కూడా ఈస్ట్రడయాల్ 50 కంటే కిందికి దిగేదాకా మాత్ర ఆపకూడదు. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు, పికప్‌తో పని అయిపోయిందని మాత్ర మానేస్తారు. “లెట్రోజోల్ నిషేధించారట కదా” అని ఇంట్లో ఎవరైనా అంటే: సంతానలేమి చికిత్సలో దాని వాడకాన్ని మన దేశంలో 2011లో నిషేధించిన మాట నిజమే, 2017లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు.

ఐదో, ఆరో రోజు నుంచి, లేదా పెద్ద ఫాలికల్ 13–14 మిల్లీమీటర్లకు చేరగానే, రోజూ సెట్రోరెలిక్స్ 0.25 మిల్లీగ్రాములు కలుపుతారు. అండాలు ముందే విడుదలై పోకుండా ఆపేది ఇదే. దీన్ని ఒక్క రోజు కూడా తప్పించకూడదు.

ఇంజెక్షన్ల విషయంలో ఎక్కువగా చెడేవి ఇవి:

ఫ్రిజ్‌లో పెట్టమన్నవి 2 నుంచి 8 డిగ్రీల్లో, మధ్య అరలో ఉండాలి. ఫ్రీజర్‌లో పెట్టినా, డబ్బాలో గడ్డకట్టిన ఐస్ ప్యాక్‌కి నేరుగా తగిలినా మందు పాడవుతుంది. మధ్యలో ఒక గుడ్డ చుట్టండి. మే నెలలో బస్సులో ఖమ్మం నుంచో కర్నూలు నుంచో తెచ్చుకునేటప్పుడు ఈ రెండూ గుర్తుండాలి: ఎండా తగలకూడదు, గడ్డా కట్టకూడదు.

పొడి రూపంలో వచ్చే ఇంజెక్షన్‌లో ద్రవం పోశాక సీసాని ఊపకండి, అరచేతుల మధ్య మెల్లగా దొర్లించండి. నురగ వస్తే సరైన మోతాదు సిరంజిలోకి రాదు.

పెన్ అయితే సూది గుచ్చి, మందు మొత్తం వెళ్లాక పది అంకెలు లెక్కపెట్టి తీయండి. కిటికీలో సున్నా కనబడాలి. వేరే అంకె కనబడితే పెన్‌లో మందు అయిపోయిందన్నమాట. ఆ మిగిలిన మోతాదు కొత్త పెన్‌తో అదే పూట వేసుకోవాలి.

ఒక సూది మర్చిపోతే మర్నాడు రెండూ కలిపి వేసుకోకండి. గుర్తొచ్చిన నిమిషంలోనే క్లినిక్‌కి ఫోన్ చేయండి.

7. స్కాన్లు, ట్రిగ్గర్

మొదటి స్కాన్ ఐదో రోజు ప్రాంతంలో, తర్వాత రెండు రోజులకోసారి, చివర్లో రోజూ. పెళ్లికాని అమ్మాయిలకు యోనిలో నుంచి స్కాన్ చేయడం ఇష్టం లేకపోతే పొట్ట మీద నుంచో, మలద్వారం గుండానో చూడొచ్చు. పొట్ట మీద నుంచి చూసేటప్పుడు మూత్రాశయం నిండుగా ఉండాలి, చిత్రం కాస్త మసకగా ఉంటుంది. పికప్ మాత్రం సాధారణంగా మత్తులో, యోని మార్గంలోనే చేస్తారు. కుటుంబానికి దీనిపై సంకోచం ఉంటే మొదటి రోజే డాక్టర్‌తో విడిగా కూర్చుని మాట్లాడండి. పొట్ట మీద నుంచి తీసే పద్ధతి కొందరికి వీలవుతుంది. పికప్ ఉదయం ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో ఈ చర్చ రాకూడదు.

రెండు మూడు ఫాలికల్స్ 18 మిల్లీమీటర్లు దాటగానే ట్రిగ్గర్ ఇస్తారు. లెట్రోజోల్ వాడుతున్నవాళ్లలో 19–20 వచ్చేదాకా ఆగడం మామూలు. ట్రిగ్గర్ అండం చివరి దశ పక్వానికి రావడానికి ఇచ్చే ఒక్క సూది. క్యాన్సర్ రోగులకు మామూలుగా వాడే హెచ్‌సీజీ హార్మోన్ బదులు ట్రిప్టోరెలిన్ 0.2 మిల్లీగ్రాములు, లేదా ల్యూప్రోలైడ్ వాడితే అండాశయాలు ఉబ్బి నీరు చేరే సమస్య బాగా తగ్గుతుంది, కీమో వాయిదా పడదు. మందుల షాపులో జాగ్రత్త. ఇదే పేరుతో నెలకోసారి వేసే డిపో సూది కూడా ఉంటుంది. ట్రిగ్గర్‌కి అది పనికిరాదు. పెట్టె ఫోటో తీసి క్లినిక్‌కి పంపి, వాళ్లు సరేనన్నాకే వేయించుకోండి.

టైము విషయంలో రాజీ లేదు. ట్రిగ్గర్ వేసిన 34 నుంచి 36 గంటల మధ్య అండాలు తీయాలి. సోమవారం రాత్రి 10 గంటలకు సూది వేసుకుంటే బుధవారం ఉదయం 9కి 35 గంటలు. రాత్రి 10 అంటే 10కే. రెండు ఫోన్లలో అలారం పెట్టండి. గంట ఆలస్యంగా వేసుకుంటే దాచకండి, చెబితే పికప్‌ని గంట జరుపుతారు. దాచితే అండాలు పక్వం కాకముందే తీస్తారు.

ట్రిగ్గర్ మర్నాడు ఉదయం రక్తంలో ఎల్‌హెచ్ (అండాన్ని పక్వం చేసే హార్మోన్), ప్రొజెస్టిరాన్ చూడమని అడగండి. ఎల్‌హెచ్ 15 కంటే తక్కువుంటే ట్రిగ్గర్ సరిగ్గా పనిచేయలేదేమోనని అనుమానించాలి. అప్పటికీ సరిదిద్దుకునే సమయం ఉంటుంది. బాగా సన్నగా ఉండి నెలసరి రానివాళ్లు, చాలాకాలం గర్భనిరోధక మాత్రలు వాడినవాళ్లు ఈ పరీక్ష తప్పక చేయించుకోవాలి.

8. పికప్ రోజు

ముందు రాత్రి నుంచి డాక్టర్ చెప్పిన గంటల ప్రకారం పొట్ట ఖాళీగా ఉండాలి. రక్తం పలచబడే ఇంజెక్షన్ తీసుకుంటుంటే చివరి డోసు ఎప్పుడో మత్తు డాక్టర్‌కి చెప్పండి. పని 15–20 నిమిషాల్లో అయిపోతుంది, సాయంత్రానికి ఇంటికి వెళ్లొచ్చు. ఒకటి రెండు రోజులు పొత్తికడుపు నొప్పి, కొద్దిగా రక్తపు మరక మామూలే.

వెంటనే ఫోన్ చేయాల్సినవి: రోజుకి కిలో కంటే ఎక్కువ బరువు పెరగడం, పొట్ట బిగుసుకుపోవడం, మూత్రం తగ్గడం, ఊపిరాడకపోవడం, జ్వరం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి. క్యాన్సర్ ఉన్నప్పుడు రక్తం గడ్డకట్టే ముప్పు మామూలుగానే ఎక్కువ, హార్మోన్లు దాన్ని ఇంకాస్త పెంచుతాయి.

9. రిపోర్టు చదవడం

“పద్నాలుగు వచ్చాయమ్మా” అని నోటిమాటగా చెబితే సరిపోదు. ఎంబ్రియాలజీ రిపోర్టు కాగితం తీసుకోండి. అందులో చూడాల్సిన అంకె తీసినవి ఎన్నన్నది కాదు, పక్వమైనవి ఎన్ని ఫ్రీజ్ చేశారన్నది. ఆ అండాలను ఎంII అని రాస్తారు. ఎంI, జీవీ అని రాసినవి పక్వం కానివి. తీసినవాటిలో ముప్పావు వంతు, అంతకు కాస్త ఎక్కువ పక్వమైనవి ఉండటం మామూలు. సగానికి సగం పచ్చివే వస్తే ట్రిగ్గర్ టైము, మోతాదు గురించి అడగాలి. మీ నోటుబుక్కు ఇక్కడ ఉపయోగపడుతుంది.

35 లోపు వయసుకి ఒక ఉజ్జాయింపు లెక్క చూడండి. 12 తీస్తే 9 పక్వమైనవి, భవిష్యత్తులో కరిగించినప్పుడు 8 బతికితే, శుక్రకణంతో కలిపాక 5 లేదా 6 ఫలదీకరణం చెందితే, ఐదో రోజు పిండం దశకు 2 లేదా 3 చేరతాయి. ఆ రెండు మూడింటితో గర్భం రావచ్చు, రాకపోవచ్చు. 20 అండాలు దాచినా బిడ్డ ఖాయమని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇచ్చారంటే ఆ క్లినిక్‌ని నమ్మకండి.

తక్కువ వచ్చి, క్యాన్సర్ డాక్టర్ ఇంకో రెండు వారాలు ఇవ్వగలిగితే పికప్ అయిన కొద్ది రోజులకే రెండో విడత మొదలుపెట్టొచ్చు. నెలసరి కోసం ఆగక్కర్లేదు.

రిపోర్టులో ఇంకా ఉండాల్సినవి: ఫ్రీజ్ చేసిన తేదీ, పద్ధతి విట్రిఫికేషన్ (అతివేగంగా ఫ్రీజ్ చేయడం) అని, ఎన్ని స్ట్రాలు (అండాలు ఉంచే సన్నని గొట్టాలు), ఒక్కోదానిలో ఎన్ని అండాలు, ట్యాంకు, క్యానిస్టర్ నంబర్లు, వాడిన ద్రావణం పేరు. ఈ చివరిది ఎందుకంటే, వేరే క్లినిక్‌లో కరిగించాల్సి వస్తే అక్కడి ఎంబ్రియాలజిస్ట్ మొదట అడిగేది అదే. అండాలు మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ఉంటాయి, ఏళ్లు గడిచినంత మాత్రాన వాటికి వయసు రాదు.

10. కీమోకి వెళ్లేటప్పుడు

ఇబ్బందులేమీ లేకపోతే పికప్ అయిన రెండు మూడు రోజుల్లో కీమో మొదలుపెట్టొచ్చు. రిపోర్టు కాపీ క్యాన్సర్ డాక్టర్‌కి ఇవ్వండి.

కీమోకి ముందు, వీలైతే కనీసం వారం ముందు, గోసెరెలిన్ 3.6 మిల్లీగ్రాముల ఇంప్లాంట్ పొట్ట చర్మం కింద వేసి, కీమో నడిచినన్నాళ్లూ నాలుగు వారాలకోసారి ఇస్తారు. ఇది అండాశయాన్ని నిద్రపుచ్చి కొంత రక్షిస్తుంది. 2015లో వెలువడిన పోయమ్స్ అధ్యయనంలో, హార్మోన్‌కి స్పందించని రొమ్ము క్యాన్సర్ ఉన్నవాళ్లలో, రెండేళ్ల తర్వాత అండాశయాలు పనిచేయకుండా పోయినవాళ్లు గోసెరెలిన్ తీసుకున్నవారిలో 8 శాతం, తీసుకోనివారిలో 22 శాతం. మంచి ఫలితమే. కానీ “నెలనెలా సూది వేస్తాం, అండాలు దాచక్కర్లేదు” అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇది అండాలు దాచడానికి తోడు మాత్రమే, దాని బదులు కాదు. అండాలు దాచే వీలు అసలే లేనివాళ్లకు మాత్రం ఇదే మిగిలే దారి కావచ్చు, అప్పుడు తప్పక అడిగి వేయించుకోండి.

11. చికిత్స అయ్యాక

కీమో సమయంలో నెలసరి ఆగిపోయినా గర్భం రాదని కాదు. కండోమ్, లేదా డాక్టర్ సరేనంటే హార్మోన్ లేని కాపర్-టి వాడండి. నెలసరి తిరిగొచ్చినా అండాలు మునుపటిలా ఉన్నాయని కాదు. కీమో ముగిసిన ఆరు నెలల నుంచి ఏడాది మధ్య ఏఎంహెచ్ చూపించుకోండి. మొదట్లో తక్కువగా ఉండి తర్వాత కొంత పెరగవచ్చు, మొదటి అంకె చూసి బెంబేలెత్తకండి.

టామాక్సిఫెన్ లాంటి హార్మోన్ మందు వాడుతున్నవాళ్లకు పాజిటివ్ అనే అధ్యయనం ధైర్యమిచ్చింది. 2023లో ఫలితాలు వచ్చాయి. 42 ఏళ్లు, అంతకంటే తక్కువ వయసున్న 516 మంది, 18 నుంచి 30 నెలలు మందు వాడాక, బిడ్డ కోసం రెండేళ్ల వరకు ఆపారు. మూడేళ్లలో జబ్బు తిరగబెట్టినవాళ్లు 8.9 శాతం. మందు ఆపకుండా వాడినవాళ్ల పాత లెక్కల్లో అది 9.2 శాతం. గర్భం కోసం ప్రయత్నించినవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి గర్భం వచ్చింది. ఇది మూడేళ్ల లెక్కే, ఎక్కువ కాలం గమనిస్తూనే ఉన్నారు. కాబట్టి మందు ఆపడం మీ సొంత నిర్ణయం కాకూడదు. ఆపాక మూడు నెలలు ఆగి ప్రయత్నించాలి, బిడ్డ పుట్టాక మందు మళ్లీ మొదలుపెట్టాలి.

గర్భసంచికి రేడియేషన్ తగిలినవాళ్లు, గర్భసంచి తీసేసినవాళ్లు సరోగసీ చట్టం, 2021 గురించి ముందే తెలుసుకోవాలి. అది భార్యాభర్తలకు, 35 నుంచి 45 ఏళ్ల మధ్య వితంతువులకు, విడాకులు తీసుకున్నవాళ్లకు మాత్రమే అనుమతిస్తుంది. పెళ్లికాని మహిళకు తన అండాలు దాచుకునే హక్కుంది కానీ సరోగసీకి వీల్లేదు.

నిల్వ ఫీజు తేదీని ఇద్దరి ఫోన్లలో పెట్టండి, మీ ఫోన్‌లోనూ, మీరు నమ్మే ఇంకొకరి ఫోన్‌లోనూ. నంబర్ మారితే క్లినిక్‌కి రాతపూర్వకంగా చెప్పి రసీదు తీసుకోండి. క్లినిక్ మూతపడుతోందని, చేతులు మారుతోందని వింటే వెంటనే వెళ్లి, మీ అండాలు ఏ బ్యాంకుకి తరలిస్తున్నారో స్ట్రాల సంఖ్యతో సహా కాగితం మీద రాయించుకోండి. ఆ సంఖ్యని పాత రిపోర్టుతో సరిచూసుకోండి.